డిస్కస్ వీరుడి కెరీర్ చదవాలంటే ముందు ఖాళీ ఏళ్లు చూడండి

పరుగు పందెం అయితే చూస్తేనే అర్థమైపోతుంది, ముందు వచ్చినవాడే గొప్ప. విసిరే ఆటల్లో అలా కాదు. ఎవరెంత గొప్పో తెలుసుకోవడానికి మన చేతిలో ఉండేది ఒక పట్టిక. పేరు కొట్టి వెతికితే నాలుగు పతకాలు, రెండు దూరాలు, పుట్టిన తేదీ వస్తాయి, అవి చూసి "ఒలింపిక్స్‌లో ఒక్క రజతమేనా" అనుకుని మూసేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే మూసేశాను. ఆ పట్టికను నెమ్మదిగా చదవడం అలవాటయ్యాక, అప్పటిదాకా పట్టించుకోని కొందరి మీద నాకు చెప్పలేనంత గౌరవం పెరిగింది, కొన్ని రికార్డుల మీద ఉన్న మోజు పూర్తిగా తగ్గింది.

ఎలా చదవాలో ఇక్కడ రాస్తున్నాను. ఊరికే సూత్రాలు చెబితే బుర్రకెక్కవు కాబట్టి ఒక్క మనిషిని పట్టుకుందాం. తూర్పు జర్మనీకి (జర్మనీ రెండు దేశాలుగా విడిపోయి ఉన్న రోజుల్లో సోవియట్ వైపున్న సగం) చెందిన వోల్ఫ్‌గాంగ్ ష్మిట్. పళ్లెంలాంటి చక్రాన్ని విసిరే డిస్కస్‌లో ప్రపంచ రికార్డు పెట్టాడు, షాట్‌పుట్‌లో, అంటే మనం గుండు అనే ఆటలో, యూరోపియన్ ఛాంపియన్‌షిప్ పతకం కూడా ఉంది. తెలుగులో ఈ ఇంటిపేరు ష్మిట్, ష్మిడ్ట్, స్మిత్ అని రకరకాలుగా రాస్తుంటారు, జర్మనీలో ఇది చాలా మామూలు ఇంటిపేరు కూడా, అందుకని వెతికేటప్పుడు పేరు పక్కన డిస్కస్ అని తప్పకుండా చేర్చండి, లేకపోతే వేరే ఎవరి జీవితమో చదువుతూ కూర్చుంటారు.

ముందు కాగితం, పెన్ను

ఒక తెల్ల కాగితం తీసుకుని ఎడమ వైపు ఏళ్లన్నీ వరసగా రాయండి. పతకం వచ్చిన ఏళ్లు మాత్రమే కాదు, అన్నీ. ష్మిట్ 1954 జనవరిలో బెర్లిన్‌లో పుట్టాడు, అతని పెద్ద పోటీలన్నీ 1975, 1991 మధ్యలో పడతాయి కాబట్టి 17 గీతలు గీస్తే సరిపోతుంది. ప్రతి ఏడాది పక్కన నాలుగు గళ్లు: ఆ ఏడాది జరిగిన పెద్ద పోటీ, ఇతని స్థానం, ఇతని దూరం, గెలిచినవాడి దూరం. ఆఖరి గడి చాలామంది వేసుకోరు. అది లేకపోతే మిగతా మూడూ ఉన్నా ఉపయోగం లేదు, ఎందుకంటే రెండో స్థానం అంటే ఐదు సెంటీమీటర్ల తేడాతోనా ఐదు మీటర్ల తేడాతోనా అన్నది స్థానం చెప్పదు.

ఇప్పుడు తెలిసినవి నింపుదాం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్, రెండో స్థానం, 66.22 మీటర్లు, గెలిచిన అమెరికన్ మాక్ విల్కిన్స్ దూరం 67.50. 1977లో డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగిన వరల్డ్ కప్‌లో మొదటి స్థానం. 1978లో ప్రాగ్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్, డిస్కస్‌లో 66.82తో స్వర్ణం, షాట్‌పుట్‌లో కాంస్యం. అదే ఏడాది ఆగస్టు 9న బెర్లిన్‌లో 71.16, ప్రపంచ రికార్డు. 1979లో వరల్డ్ కప్ మళ్లీ అతనిదే. 1980 మాస్కో ఒలింపిక్స్, నాలుగో స్థానం, 65.64. ఆ తర్వాత పెన్ను ఆగిపోతుంది. కిందికి జారుతూ వెళ్తే 1990 దగ్గర మళ్లీ పేరు దొరుకుతుంది, స్ప్లిట్ నగరంలో యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్, 64.10తో కాంస్యం. 1991 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్, నాలుగో స్థానం, 64.76.

మధ్యలో ఉన్న ఆ తెల్లటి జాగాని అలాగే ఉంచండి. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఉన్న అంకెల్ని సరిగ్గా చదవాలి.

గుండు వేరు, డిస్కస్ వేరు

మన బళ్లల్లో ఒకే పిల్లాడు రెండూ విసురుతాడు, ఒళ్లు కాస్త పెద్దగా ఉంటే చాలు పీఈటీ సార్ రెండింటికీ పేరు రాసేస్తారు. అందుకే ఈ రెండూ ఒకటే అనే భావన మనలో పాతుకుపోయింది. పైస్థాయిలో అవి ఒకే కుటుంబంలోని ఇద్దరు వేర్వేరు మనుషుల్లాంటివి.

మగవాళ్ల గుండు 7.26 కిలోలు. దాన్ని విసరరు, మెడ దగ్గర ఆనించి నెడతారు. నాకు నేర్పిన సార్ ప్రాక్టీసు అయ్యాక మా చేతులు తిప్పి చూసేవారు. వేళ్ల మొదళ్లకు మట్టి ఉండాలి, దవడ కింద మెడకు మట్టి ఉండాలి, అరచేతి మధ్యలో మాత్రం ఉండకూడదు. అరచేతికి మట్టి అంటిందంటే గుండుని వేళ్ల మీద కాకుండా చేతి గుంటలో పెట్టుకున్నావని అర్థం, అలా పెడితే ఆఖర్న వేళ్లతో కొట్టే దెబ్బ పోతుంది. ఆ ఒక్క పరీక్షతో ఎవడు ఎలా నెట్టాడో ఆయన చూడకుండానే చెప్పేవారు.

డిస్కస్ 2 కిలోలే. దాని అంచు వేళ్ల చివరి కణుపుల మీద ఊరికే ఆని ఉంటుంది, పట్టుకోవడం అంటూ ఏమీ ఉండదు, తిరుగుతున్నప్పుడు ఆ వేగమే దాన్ని చేతికి అంటించి ఉంచుతుంది. వదిలేటప్పుడు చూపుడు వేలు మీంచి దొర్లుకుంటూ వెళ్తుంది, ఆ దొర్లడంలోనే దానికి సుడి వస్తుంది, ఆ సుడి ఉంటేనే గాలిలో పళ్లెంలా నిలబడుతుంది. విసిరేవాడు నిలబడే సర్కిల్ కూడా వేరు. దాని వ్యాసం డిస్కస్‌కి 2.5 మీటర్లు, గుండుకి 2.135 మీటర్లు, పైగా గుండు సర్కిల్ ముందు కాలు ఆపే చెక్క ఉంటుంది. డిస్కస్ సర్కిల్‌లో తిరగడానికి అలవాటు పడిన పొడుగాటి మనిషికి గుండు సర్కిల్‌లో నిలబడితే ఇరుకు గదిలో నిలబడినట్టు ఉంటుంది.

ఇది తెలిశాక 1978 గీత మళ్లీ చూడండి. ప్రాగ్‌లో షాట్‌పుట్ గెలిచింది ష్మిట్ జట్టువాడే, ఊడో బేయర్. అంతకు రెండు నెలల ముందే, జులై 6న, గోథెన్‌బర్గ్‌లో 22.15 మీటర్లతో గుండులో ప్రపంచ రికార్డు పెట్టి వచ్చాడు. ష్మిట్ జీవితంలో అత్యుత్తమ గుండు దూరం 20.76. అంటే ప్రపంచంలోనే మొదటివాడికి ఇతను మీటరున్నర లోపు దూరంలో ఉన్నాడు, అదీ తన రెండో ఆటలో. ఒకే ఛాంపియన్‌షిప్‌లో డిస్కస్ స్వర్ణం, గుండు కాంస్యం. పతకాల లెక్కలో ఆ కాంస్యం ఒక చిన్న గుండ్రని గుర్తు, అంతే. మీ కాగితం మీద మాత్రం దాని కింద రెండు గీతలు గీయండి. నా దృష్టిలో అతని శరీరం ఎంత సత్తా ఉన్నదో చెప్పే అంకె 71.16 కన్నా ఇదే.

దూరం చూడగానే ఊరి పేరు అడగండి

డిస్కస్‌లో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడ. 100 మీటర్ల పరుగులో వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు లెక్కలోకి రాదు. డిస్కస్‌కి అలాంటి నిబంధన లేదు. ఇంకో విచిత్రం, ఇక్కడ సాయం చేసేది వెనక గాలి కాదు, ఎదురు గాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి ముందునుంచి కాస్త కుడి పక్కగా గాలి వీస్తే డిస్కస్ దాని మీద తేలుతూ మీటర్ల కొద్దీ ఎక్కువ పోతుంది. గుండుకి గాలితో దాదాపు పనే లేదు.

అందుకే డిస్కస్ రికార్డు కనబడితే పక్కన ఊరి పేరు రాయండి. 1986లో తూర్పు జర్మనీకి చెందిన యుర్గెన్ షుల్ట్ 74.08 విసిరింది నొయ్‌బ్రాండెన్‌బుర్గ్‌లో. 1988లో అదే దేశపు గాబ్రియేలా రైన్ష్ మహిళల డిస్కస్‌ని 76.80 విసిరిందీ ఆ ఊళ్లోనే, ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. షుల్ట్ రికార్డుని దాదాపు 38 ఏళ్ల తర్వాత లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా బద్దలుకొట్టాడు, 2024 ఏప్రిల్లో 74.35, మళ్లీ 2025 ఏప్రిల్లో 75.56, రెండూ అమెరికాలో ఒక్లహోమా రాష్ట్రంలోని రమోనా అనే చిన్న ఊళ్లో, గాలి బాగా వీచే చోటని త్రోయర్లు వెతుక్కుంటూ వెళ్లే మైదానంలో. ఇందులో మోసం ఏమీ లేదు, అందరికీ తెలిసే జరుగుతుంది. కానీ ఆ అంకెని, గాలిని అడ్డుకునే ఎత్తైన గ్యాలరీల మధ్య జరిగే ఒలింపిక్ ఫైనల్ అంకె పక్కన పెట్టి పోల్చకూడదు. అదే షుల్ట్ 1988 సియోల్‌లో స్వర్ణం గెలిచింది 68.82తో, తన రికార్డు కన్నా 5.26 మీటర్లు తక్కువ.

ఇప్పుడు ష్మిట్ ఆగస్టు 9న 71.16 విసిరి, ఆ నెలాఖరులో మొదలైన ప్రాగ్ పోటీల్లో 66.82 విసిరాడంటే నెల తిరక్కుండా దిగజారాడని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఆ 66.82 స్వర్ణం తెచ్చింది. ఫైనల్లో చూడాల్సింది సొంత రికార్డుకి ఎంత దూరం అని కాదు, ఆ రోజు ఆ మైదానంలో మిగతావాళ్లకి ఎంత దూరం అని.

స్థానం వెనక ఎవరున్నారు, ఎవరు లేరు

మాంట్రియల్ గీతలో ఒక మంచి సంగతి దాగి ఉంది. ఫైనల్లో ఒక్కొక్కరికీ ఆరు త్రోలు, అందులో మంచిదే లెక్క. ఆఖరి త్రో దగ్గరికి వచ్చేసరికి విల్కిన్స్ మొదటి స్థానంలో, ఇంకో అమెరికన్ జాన్ పావెల్ 65.70తో అతని వెనకాల ఉన్నారు. ష్మిట్ ఆఖరి త్రోలో 66.22 విసిరి పావెల్‌ని దాటేశాడు. అప్పుడు విల్కిన్స్ పరుగున వచ్చి ష్మిట్‌ని కౌగిలించుకున్నాడు. తన దేశంవాడు రజతం నుంచి కాంస్యానికి జారితే, అవతలి శిబిరం మనిషిని హత్తుకున్నాడు, అదీ కోల్డ్ వార్ రోజుల్లో, టీవీ కెమెరాల ముందు. అమెరికాలో దాని మీద విమర్శలూ వచ్చాయి. స్థానం మాత్రమే చూస్తే "2" అని ఉంటుంది. ఎన్నో రౌండ్‌లో వచ్చిందో వెతికితేనే ఈ మనిషి టెన్షన్‌లో ఎలా విసిరేవాడో తెలుస్తుంది. అందుకని ఫైనల్ దూరం దొరికితే అక్కడ ఆగకుండా రౌండ్ల వారీగా వివరాలు కూడా వెతకండి.

మాస్కో గీత దీనికి తిరగేసిన బొమ్మ. గెలిచిన సోవియట్ త్రోయర్ విక్టర్ రష్చుప్‌కిన్ 66.64, చెకొస్లొవేకియాకి చెందిన ఇమ్రిఖ్ బుగార్ 66.38, క్యూబాకి చెందిన లూయిస్ డెలిస్ 66.32, ష్మిట్ 65.64. మొదటికీ నాలుగుకీ మధ్య సరిగ్గా ఒక్క మీటరు. పతకం పోయింది కాబట్టి ఘోరంగా ఓడాడని అనలేం, ఒక్క మీటరే కదా అని వెనకేసుకురావడమూ కుదరదు, ఎందుకంటే అమెరికా బహిష్కరణ వల్ల విల్కిన్స్, పావెల్ ఆ పోటీలోనే లేరు. రెండూ రాసుకోండి. ఇష్టమైన ఆటగాడి గురించి రాస్తున్నప్పుడు రెండోది మర్చిపోవడం మహా సులువు.

ఇప్పుడు ఖాళీ గళ్లు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడి నుంచి జోనల్ పోటీలకి ఇద్దరం వెళ్లాలి. రెండోవాడు నాకన్నా కనీసం మూడు మీటర్లు దూరం విసిరేవాడు, అందులో అనుమానమే లేదు. పోటీ రోజు వాడు రాలేదు. వరి కోతలు, ఇంట్లో వాళ్లతో పాటు కూలికి వెళ్లాడు. సార్ కాగితం మీద వాడి పేరు పక్కన ఆబ్సెంట్ అని రాశారు, నాకు మూడో స్థానం వచ్చింది. ఆ కాగితం ఇవాళ ఎవరికైనా దొరికితే వాడికన్నా నేనే మంచి త్రోయర్‌ని అనుకుంటారు. ఖాళీ గడి చూసినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు, అందుకే "ఫామ్ పోయింది", "గాయం అయి ఉంటుంది" అని ఊహించి ముందుకెళ్లిపోయే అలవాటు మానుకున్నాను.

ష్మిట్ కాగితం మీద ఖాళీగా ఉన్న పెద్ద పోటీల్ని ఒక్కొక్కటే రాయండి. 1982 ఏథెన్స్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్. 1983 హెల్సింకి, చరిత్రలో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్. 1986 స్టుట్‌గార్ట్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్. 1987 రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. 1988 సియోల్ ఒలింపిక్స్. ఆరు. అతని వయసు 28 నుంచి 34.

1982 జులైలో తూర్పు జర్మనీ రహస్య పోలీసులు, స్టాసీ, అతన్ని అరెస్టు చేశారు. పశ్చిమానికి పారిపోయే ఆలోచనలో ఉన్నాడని అనుమానం. పోటీలకి బయటి దేశాలు వెళ్లినప్పుడు అమెరికన్ త్రోయర్లతో స్నేహంగా ఉండటం, మనసులో మాట దాచుకోకపోవడం, ఇవన్నీ ఆ వ్యవస్థకి కంటగింపు. అతని క్లబ్బు బెర్లిన్‌లోని డైనమో, ఆ డైనమో సంఘానికి పెద్ద దిక్కు స్టాసీ అధిపతి ఎరిష్ మీల్కే. అంటే అతనికి జీతం, కోచింగ్, పాస్‌పోర్టు ఇచ్చిన చెయ్యీ, అతని మీద నిఘా పెట్టిన చెయ్యీ ఒకటే. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. 1983 శరదృతువులో బయటికి వచ్చినా పోటీల్లోకి రానివ్వలేదు.

ఇక్కడ పక్కన ఒక తేదీ రాయండి: 1983 మే 29. ఆ రోజు మాస్కోలో సోవియట్ త్రోయర్ యూరి దుమ్‌చెవ్ 71.86 విసిరి ష్మిట్ ప్రపంచ రికార్డుని దాటాడు. అప్పుడు ష్మిట్ జైల్లో ఉన్నాడు. రికార్డుల జాబితాలో పైన ఒకరి పేరు, కింద ఒకరి పేరు, మధ్యలో తేదీలు, అంతా చక్కగా క్రమంగా కనిపిస్తుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే తప్ప ఆ తేదీన ఒకడు సర్కిల్‌లోనూ ఇంకొకడు గదిలోనూ ఉన్నాడని తెలియదు. ఈ ఒక్క పని కోసమే నేను ఏళ్లన్నీ రాయమన్నది.

1984 గడికి ఇంకో కారణం కూడా ఉంది. సోవియట్ యూనియన్‌తో పాటు తూర్పు జర్మనీ కూడా లాస్ ఏంజెలిస్‌ని బహిష్కరించింది కాబట్టి, నిషేధం లేకపోయినా అతను అక్కడికి వెళ్లేవాడు కాదు. ఆ స్వర్ణం 66.60తో పశ్చిమ జర్మనీకి చెందిన రోల్ఫ్ డానెబెర్గ్‌కి దక్కింది. ఒకే ఖాళీకి రెండు కారణాలు ఉండొచ్చని దీన్ని చూసి గుర్తుపెట్టుకోండి, అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి.

దేశం వదిలి వెళ్లనివ్వమని అడుగుతూనే ఉన్నాడు. చివరికి 1987 నవంబరులో పశ్చిమ జర్మనీకి వెళ్లనిచ్చారు. సియోల్‌కి ఇంకా పది నెలలు. కానీ దేశం మారిన ఆటగాడు కొత్త దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగాలంటే మూడేళ్లు ఆగాలి, లేదంటే పాత దేశం సరేననాలి. తూర్పు జర్మనీ సరేననలేదు. ఆ గడి కూడా ఖాళీయే. సియోల్‌లో గెలిచింది షుల్ట్, అంటే ష్మిట్ స్థానంలోకి వచ్చిన తర్వాతి తరం తూర్పు జర్మన్.

ఈ ఆరు గళ్లలో ఊహించిన పతకాలు మాత్రం రాయకండి. "ఉండి ఉంటే గెలిచేవాడు" అనేది చదువరికి తీయగా ఉంటుంది, దానికి ఆధారం ఉండదు. కారణం రాయండి, గడిని ఖాళీగానే వదిలేయండి. ఆధారం కావాలంటే వయసు లెక్క చూడండి. డిస్కస్‌లో 28 అంటే ముసలితనం కాదు, అసలు పంట అప్పుడే మొదలవుతుంది. అమెరికన్ అల్ ఓర్టర్ తన నాలుగో వరస ఒలింపిక్ స్వర్ణం 1968లో గెలిచేసరికి 32 ఏళ్లు. చెకొస్లొవేకియాకి చెందిన లుద్విక్ దానెక్ 1972లో 35 ఏళ్లకి గెలిచాడు. మాంట్రియల్‌లో ష్మిట్ దాటేసిన ఆ పావెల్, 1987 రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 40 ఏళ్ల వయసులో రజతం గెలిచాడు, అతను విసిరిన దూరం 66.22, పదకొండేళ్ల కిందట తనని వెనక్కి నెట్టిన ష్మిట్ దూరం సెంటీమీటరు తేడా లేకుండా అదే. ష్మిట్ విషయానికొస్తే 1989లో, 35 ఏళ్లు నిండాక, ఇన్నేళ్ల ఎడం తర్వాత, మళ్లీ 70 మీటర్లు దాటించాడు. ఖాళీ గళ్లు ఒంట్లో సత్తువ తగ్గడం వల్ల వచ్చినవి కావని చెప్పడానికి ఆ అంకె చాలు.

పేరు పక్కన దేశం

పట్టికల్లో ష్మిట్ పేరు పక్కన 1980 దాకా తూర్పు జర్మనీ, 1990లో పశ్చిమ జర్మనీ, 1991లో ఉత్త జర్మనీ అని ఉంటుంది. కొన్ని చోట్ల ఇవి వేర్వేరు పేజీల్లో చిక్కుకుపోయి సగం కెరీరే దొరుకుతుంది, మూడూ వెతకాలి.

1990 స్ప్లిట్ పతకాల వేదిక ఒక్కసారి ఊహించండి. బెర్లిన్ గోడ కూలి పది నెలలు కూడా కాలేదు, దేశం కాగితాల మీద కలవడానికి ఇంకా నెల టైమ్ ఉంది, కాబట్టి రెండు జట్లూ విడివిడిగా వచ్చాయి. స్వర్ణం షుల్ట్‌ది, తూర్పు జర్మనీ జెర్సీలో, 64.58. రజతం నెదర్లాండ్స్‌కి చెందిన ఎరిక్ డి బ్రౌన్‌ది, 64.46. కాంస్యం ష్మిట్‌ది, పశ్చిమ జర్మనీ జెర్సీలో, 64.10. తనని జైల్లో పెట్టిన దేశం గీతం మోగుతుంటే పక్క మెట్టు మీద నిలబడి విన్నాడు. ముగ్గురి మధ్య తేడా అర మీటరు కూడా లేదు. మరుసటి ఏడాది టోక్యోలో షుల్ట్, ష్మిట్, కొత్త కుర్రాడు లార్స్ రీడెల్, ముగ్గురూ ఒకే జెర్సీ వేసుకున్నారు. రీడెల్ 66.20తో గెలిచాడు, ష్మిట్ 37 ఏళ్ల వయసులో నాలుగోవాడు.

మందుల సంగతి దాటవేయకండి

తూర్పు జర్మనీ కాలపు అంకెల్ని చదివేటప్పుడు ఇది తప్పదు. 1974 నుంచి అక్కడ ప్రభుత్వమే పథకం పెట్టి, స్టేట్ ప్లాన్ 14.25 అని దానికి పేరు, ఆటగాళ్లకి ఓరల్ ట్యురినబోల్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. 1986లో షాట్‌పుట్ యూరోపియన్ ఛాంపియన్ అయిన హైడీ క్రీగర్‌కి పదహారేళ్ల ప్రాయం నుంచే ఆ మాత్రలు మింగించారు, ఆ మనిషి తర్వాత ఆండ్రియాస్ క్రీగర్‌గా మారి, 2000లో బెర్లిన్‌లో జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పారు. ఇటు పశ్చిమ దేశాల వైపు కూడా అందరూ కడిగిన ముత్యాలేం కాదు, అమెరికన్ బెన్ ప్లక్‌నెట్ 1981లో విసిరిన 72.34 మీటర్లని స్టెరాయిడ్ల కారణంగానే కొట్టేశారు. అందుకే ఆ కాలం అంకెల పక్కన నేను ఒక చిన్న చుక్క పెట్టుకుంటాను. ఆ చుక్కకి అర్థం ఫలానా మనిషి దోషి అని కాదు, ఈ అంకెని వేరే కాలపు అంకెతో నేరుగా పోల్చను అని.

ఈ నిజాలు బయటపడటంలో పెద్ద పాత్ర ఇంకో జర్మన్ డిస్కస్, షాట్‌పుట్ క్రీడాకారిణిది, బ్రిగిటె బెరెండోంక్. చిన్నప్పుడే 1958లో కుటుంబంతో తూర్పు నుంచి పశ్చిమానికి వచ్చేసింది, 1968 మెక్సికోలో, 1972 మ్యూనిక్‌లో డిస్కస్ విసిరింది. ఇంకా తను ఆడుతుండగానే 1969లో ఒక జర్మన్ పత్రికలో డోపింగ్‌ని ఎత్తిచూపుతూ రాసింది. గోడ కూలాక భర్త వెర్నర్ ఫ్రాంకెతో కలిసి రహస్య ఫైళ్లని వెలికితీసి 1991లో అచ్చువేయించింది. పతకాల పట్టికలో ఆమె పేరు వెతికితే ఒలింపిక్ పతకం ఒక్కటీ ఉండదు. అయినా మిగతా వాళ్ల పట్టికల్ని ఎలా చదవాలో మనకి నేర్పింది ఆమే. ఇలాంటి మనుషుల కోసం మీ కాగితం కింద కాస్త జాగా వదిలిపెట్టుకోండి.

సొంతంగా ఒకటి చేసి చూడండి

ష్మిట్ కాగితం పూర్తయ్యాక అలవాటు కోసం గిసెలా మావర్‌మాయర్ పేరుతో ఇంకోటి మొదలుపెట్టండి. మ్యూనిక్ మనిషి, పుట్టింది 1913లో. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 47.63తో డిస్కస్ స్వర్ణం, దానికి కొన్ని వారాల ముందు బెర్లిన్‌లోనే 48.31 ప్రపంచ రికార్డు. ఇంకా ముందు, 1934లో వార్సాలో, గుండులో 14.38తో ప్రపంచ రికార్డు. ఇక్కడ మీకు మూడు రకాల ఖాళీలు తగులుతాయి. గుండులో ప్రపంచంలోనే మొదటిది అయినా ఆమెకి ఆ ఆటలో ఒలింపిక్ గడే లేదు, ఎందుకంటే మహిళల షాట్‌పుట్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1948లో. 1940, 1944 గళ్లు ఆమెకే కాదు, అందరికీ ఖాళీ, యుద్ధం. యుద్ధం ముగిశాక వచ్చే ఖాళీకి కారణం వేరు, ఆమె నాజీ పార్టీ సభ్యురాలు, ఆ కారణంగా టీచర్ ఉద్యోగం పోయింది. ఇదీ రాయాల్సిందే, రికార్డు ఎంత గొప్పదైనా సరే.

ఆ తర్వాత ఏళ్లకి క్రీడల పుస్తకాల్లో వెతికితే ఏమీ దొరకదు, మ్యూనిక్ జంతుశాస్త్ర సంస్థల వైపు వెళ్లాలి. అక్కడ ఆమె మళ్లీ విద్యార్థిగా చేరి, చీమలు గుంపుగా ఎలా బతుకుతాయో పరిశోధించి డాక్టరేట్ తెచ్చుకుంది, అక్కడి రాష్ట్ర జంతు సేకరణ లైబ్రరీలో ఉద్యోగం చేసింది.